వానలకు ముందే మీ రెండు లింకులూ చూసుకోండి

మొన్న రేణిగుంట రోడ్డు వైపు జేసీబీ తవ్వకంలో ఫైబర్ తెగింది. అక్కడ ఒక ఆసుపత్రికి రెండు రౌటర్ల (నెట్‌వర్కులో డేటాకు దారి చూపే పెట్టెల) మధ్య ఒక్కోటి ఒక గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్లు) మోసే లింకులు రెండున్నాయి. ఒకటి తెగగానే ట్రాఫిక్ అంతా రెండోదాని మీదికి మారింది. అయినా ఓపీ కౌంటర్లో బిల్లు రాలేదు. కారణం, రెండు లింకులూ అప్పటికే 70 శాతం నిండి నడుస్తున్నాయి. 1400 మెగాబిట్లు 1000లో పట్టవు.

మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరిచిపోలేదు.

లోడ్ సంగతి: రెండు లింకులూ కలిపి ఒక్క లింకు మోయగలిగినంతే వాడాలి. గిగాబిట్ లింకులు రెండున్నా మీది గిగాబిట్ నెట్‌వర్కే. ఐదు నిమిషాల సగటు గ్రాఫ్ చూసి ధీమా పడొద్దు, మధ్యలో నిండిపోయిన క్షణాలు అందులో కనపడవు.

పంపకం సంగతి: రౌటర్ మామూలుగా ఐపీలు, చాలాచోట్ల పోర్టులు కూడా చూసి ఒక ఫ్లోను (ఒకే కనెక్షన్‌కు చెందిన ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను) మొత్తం ఒకే లింకులో పంపుతుంది. అందుకే పెద్ద బ్యాకప్ ఒక్కటి నడిస్తే ఒక లింకు నిండిపోయి, రెండోది ఖాళీగా ఉంటుంది. అది చూసి పర్-ప్యాకెట్‌కు, అంటే ఒక్కో ప్యాకెట్‌ను ఒక్కో లింకులో పంపే పద్ధతికి, మార్చకండి. ప్యాకెట్లు వరుస తప్పి చేరితే టీసీపీ (డేటా పోకుండా చేరేలా చూసే పద్ధతి) వాటిని పోయినట్టే లెక్కేసి వేగం తగ్గిస్తుంది, ఫోన్ కాల్స్‌లో మాట ముక్కలవుతుంది.

ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు తమలో తాము దారులు తెలుసుకునే పద్ధతి) వాడేవాళ్లు, లింకు కాస్ట్ (చిన్నదైతే ఆ దారికే మొగ్గు) లెక్కకు ఆధారమైన రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ చూడండి. సిస్కో ఐఓఎస్ రౌటర్లలో డిఫాల్ట్ 100 మెగాబిట్లు. అలాగే వదిలేస్తే 1 గిగాబిట్ లింకుకూ 10 గిగాబిట్ల లింకుకూ కాస్ట్ ఒకటే, ట్రాఫిక్ చెరిసగం. చిన్నది ముందే మునుగుతుంది. అన్ని రౌటర్లలోనూ ఒకే విలువ పెట్టండి.

ఫైబర్ తెగినా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ను మామూలు కేబుల్‌కు కలిపే పెట్టె) రౌటర్ వైపు లైటు వెలుగుతూనే ఉండొచ్చు. అప్పుడు ఓఎస్‌పీఎఫ్‌కు తెలియడానికి మామూలుగా 40 సెకన్లు. లింకు తెగితే సెకనులోపే పట్టేసే బీఎఫ్‌డీ పెట్టండి. ఊరికే స్టాటిక్ రూట్లు (చేత్తో పెట్టే, వాటంతట అవి మారని దారులు) రాసి వదిలేస్తే రౌటర్‌కు ఎప్పటికీ తెలియదు, సగం ట్రాఫిక్ గోతిలోకే.

ఆపరేటర్లు వేరని ఊరుకోకండి, రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీద పోతున్నాయేమో నడిచి చూడండి. రెండు కన్వర్టర్లూ ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టొద్దు. జాయింట్ బాక్సు నేల మీద వదలొద్దు. సీసీ కెమెరాల బ్యాకప్ పగలు నడపొద్దు. బిల్లింగ్‌కు, వాయిస్‌కు ముందు వరుస ఇవ్వండి. సగం దాటనివ్వొద్దు, మళ్లీ చెబుతున్నా, ఏ లింకునూ సగం దాటనివ్వొద్దు. అందరికీ ముందే చెప్పి, పగలు పదకొండింటికి, జనం ఉన్నప్పుడే ఒక లింకు షట్ చేసి చూడండి. అర్ధరాత్రి చేసే టెస్టు దేనికీ పనికిరాదు. కౌంటర్లో బిల్లు ఆగిందా, ఆ వారమే లింకు పెంచండి. లేదంటే లోడ్ తగ్గించండి.