సీటెక్కే ముందు బండి కిందికి చూడండి

మా మిరప చేనుకు వెళ్లాలంటే తారు రోడ్డు దిగాక కిలోమీటరున్నర డొంక. అంతా నల్లరేగడి. ఎండాకాలంలో సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది. ఒక్క మంచి వాన పడిందంటే చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిందే. ఆ డొంకలో పదకొండేళ్లు బొలెరో తిప్పాను. తర్వాత అమ్మ నడుం నొప్పి చూడలేక ఒక కొత్త ఎస్‌యూవీ కొన్నాను. ఎత్తుగా ఉంది, చక్రాల చుట్టూ నల్లటి ప్లాస్టిక్ పట్టీ ఉంది, బంపర్ కింద వెండిరంగు పలక ఉంది. పల్నాడు నుంచి గుంటూరు ఆస్పత్రి దాకా అమ్మ నిద్రపోతూ వచ్చింది. బొలెరోలో ఎప్పుడూ అలా పడుకోలేదు.

ఆ వానాకాలమే అది డొంకలో దిగబడింది. ముందు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి మాత్రం గాడుల మధ్య గట్టు మీద పొట్ట ఆనించి కూర్చుంది. ట్రాక్టర్ తెప్పించాను. గొలుసు ఎక్కడ కట్టాలో తెలియక కింద చేతికందిన ఇనుప ముక్కకి కట్టాం. అది చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ అని, అది వంగిందని మర్నాడు మెకానిక్ చెబితే తెలిసింది.

మొన్న హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, ఎస్‌యూవీ తీసుకుంటున్నా. సంక్రాంతికి నేరుగా చేను దగ్గరికే వచ్చేస్తా."

"దేన్ని చూసి ఆ ధైర్యం రా?"

"గ్రౌండ్ క్లియరెన్స్ 190 బావా!"

అంటే నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ, మిల్లీమీటర్లలో. ఆ ఒక్క అంకెను నమ్మి కొనొద్దని గంటసేపు చెప్పాను. వాడికి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు దారిని కొలవండి

షోరూమ్‌కి తర్వాత వెళ్లొచ్చు. మీరు నిజంగా వెళ్లే దారుల్లో అన్నిటికన్నా చెడ్డ రెండు కిలోమీటర్లు ఏవో ఒక కాగితం మీద రాయండి. ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్తారు, ఏ నెలల్లో వెళ్తారు, బండిలో ఎంతమంది ఉంటారు అన్నవి కూడా పక్కనే రాయండి. తర్వాత టేపు, ఒక కర్ర తీసుకుని అక్కడికి వెళ్లండి. ట్రాక్టర్ గాడుల మధ్య గట్టు ఎంత ఎత్తుందో కొలవండి. మా డొంకలో వేసవిలో అది 16 సెంటీమీటర్లు. వానల్లో లోడు ట్రాక్టర్లు తిరిగాక 24 అయింది. వాగు దాటే చోట కర్రతో లోతు చూడండి. రోడ్డు నుంచి డొంకలోకి దిగేచోట వాలు ఎంత నిటారుగా ఉందో చూడండి, బంపర్లు తగిలేది అక్కడే.

మీ చెడ్డ దారి అంటే గుంతల తారు రోడ్డు, ఎత్తయిన స్పీడ్ బ్రేకర్లు, కంకర పరిచిన ఊరి రోడ్డు మాత్రమే అయితే మీకు ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్ బై ఫోర్ అక్కర్లేదు. సుఖంగా నడిచే బండి కొనుక్కోండి. ఇంట్లో పెద్దవాళ్ల నడుముకు అది చేసే మేలు చిన్నది కాదు.

బళ్లు ఎందుకు మారాయి

1998లో వచ్చిన టాటా సఫారీ ఛాసిస్ అనే నిచ్చెనలాంటి ఇనుప చట్రం మీద కట్టిన బండి, ఫోర్ బై ఫోర్ కూడా దొరికేది. 2021లో అదే పేరుతో వచ్చింది మోనోకాక్, అంటే ఛాసిస్, బాడీ వేరువేరుగా కాకుండా ఒకే డబ్బాలా కట్టింది. దాని ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది. ఇన్నోవాదీ అదే దారి. అందులో క్రిస్టాకి ఛాసిస్ ఉంది, వెనక చక్రాలు తిరుగుతాయి. తర్వాత వచ్చిన హైక్రాస్ మోనోకాక్, ముందు చక్రాలు తిరుగుతాయి. బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుంది, ఫ్లోర్ కిందికి దిగితే ఎక్కడం తేలిక, మలుపుల్లో ఊగదు. కొనేవాళ్లలో ఎక్కువమంది తిరిగేది హైవేల మీదే కాబట్టి కంపెనీలు అటే వెళ్లాయి. అందులో మోసమేమీ లేదు. బయటి ఆకారాన్ని మాత్రం పాత జీపులా ఉంచుతున్నారు, మనం పొరబడేది అక్కడ.

మన రాష్ట్రంలోనే రెండు రకాలూ తయారవుతున్నాయి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి వచ్చే సెల్టోస్‌కి ముందు చక్రాలే తిరుగుతాయి. శ్రీసిటీలో ఇసుజు తయారుచేసే వి-క్రాస్ పికప్‌కి ఛాసిస్ ఉంది, వెనక కమాన్ పట్టీలు ఉన్నాయి, ఫోర్ బై ఫోర్ దొరుకుతుంది. ఖాళీగా వెళ్తే వెనక ఎగిరెగిరి పడుతుంది, బరువు వేస్తే కుదురుగా నడుస్తుంది.

అలాగని మోనోకాక్ అనగానే తీసిపారేయకండి. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ 2016 జనవరిలో ఆగిపోయింది. దాని తర్వాత వచ్చిన డిఫెండర్ మోనోకాకే, అయినా ఎయిర్ సస్పెన్షన్ ఉన్నది 900 మిల్లీమీటర్ల నీళ్లలో దిగి వెళ్లగలదు. డబ్బు ఖర్చు పెడితే సుఖం, సత్తా రెండూ కలుస్తాయి. మన బడ్జెట్‌లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పడం లేదు.

షోరూమ్‌లో చేయాల్సిన పని

పాత చొక్కా వేసుకుని, టార్చి లైటు, టేపు పట్టుకుని వెళ్లండి. సేల్స్ అబ్బాయి సన్‌రూఫ్ చూపిస్తుంటే మీరు నేల మీద కూర్చుని బండి కిందికి చూడండి. మొహమాటపడకండి, లక్షలు పోసి కొంటున్నారు.

మొదట చూడాల్సింది అన్నిటికన్నా కిందికి వేలాడుతున్నది ఏది అన్నది. ఇంజిన్ ఆయిల్ చాంబరా, సైలెన్సర్ గొట్టమా, వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బిన డిఫరెన్షియలా? డిఫరెన్షియల్ అయితే మంచిదే. అది గట్టి ఇనుము, ఎక్కడుందో మనకు తెలుసు, రాయిని తప్పించి నడపొచ్చు. చాంబర్ కింద ప్లాస్టిక్ కవర్ మాత్రమే ఉంటే గుర్తుపెట్టుకోండి, ఇనుప పలక వేయించాల్సి వస్తుంది.

ఇక గ్రౌండ్ క్లియరెన్స్. కాగితం మీద బొలెరోకి 180 మిల్లీమీటర్లు, స్కార్పియో-ఎన్‌కి 187, క్రెటాకి 190. ఈ అంకెలే నిజమైతే మా డొంకలో క్రెటా అందరికన్నా ముందుండాలి. కానీ అలా జరగదు. బొలెరో వెనక ఇరుసు ఒకే ముక్క. చక్రం రాయెక్కితే ఇరుసు కూడా దాంతోపాటే లేస్తుంది, దాని కింద ఉన్న ఖాళీ అలాగే ఉంటుంది. అలాంటి ఇరుసు లేకుండా మెత్తటి సస్పెన్షన్ ఉన్న బండిలో చక్రం గుంతలోకి దిగి స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు బండి పొట్ట నేల వైపు దిగుతుంది. అసలు అవసరమైన క్షణంలోనే ఖాళీ తగ్గుతుందన్నమాట. రోడ్డు మీద మనల్ని నిద్రపుచ్చే సస్పెన్షన్ కూడా అదే.

కాగితం మీది అంకెలో ఇంకో చిక్కుంది. అది ఖాళీ బండికా, మనుషులు కూర్చున్న బండికా అని అడగండి. పన్ను లెక్క కోసం ఎస్‌యూవీకి 170 మిల్లీమీటర్లు ఉండాలన్నప్పుడు కూడా ఈ గొడవే వచ్చింది, 2023 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ ఖాళీ బండి కొలతే లెక్క అని తేల్చింది. మీరు మాత్రం నిండు బండినే కొలవండి. నేను అమ్మ, తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు, రెండు మిరపకాయల బస్తాలతో నా బండి కొలిస్తే 38 మిల్లీమీటర్లు తగ్గింది.

తర్వాత పక్కకు వచ్చి ముందు చక్రం నేలను తాకే చోటి నుంచి బంపర్ కింది అంచు దాకా ఎంత కోణం ఉందో చూడండి. దీన్ని అప్రోచ్ యాంగిల్ అంటారు. మూడు తలుపుల థార్‌కి 41.8 డిగ్రీలు, జిమ్నీకి 36. మీరు కొనే బండి కాగితంలో ఈ అంకె ఎక్కడా లేకపోతే ఆ బండి తారు రోడ్డు కోసం చేసిందని నేను అనుకుంటాను. వెనక వైపూ అలాగే చూడండి. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువైన కొద్దీ గట్టు దాటేటప్పుడు పొట్ట ఆనుతుంది, మూడు వరుసల సీట్ల బళ్లతో వచ్చే ఇబ్బంది అదే.

టైరు మీది అంకెలు

టైరు పక్కన 215/75 ఆర్15 లాంటి అంకె ఉంటుంది. మొదటిది వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. బొలెరో టైరుకి 215లో 75 శాతం, అంటే 161 మిల్లీమీటర్ల రబ్బరు గోడ. క్రెటా 215/60 ఆర్17 అయితే 129. అల్కజార్‌కి వచ్చే 215/55 ఆర్18 అయితే 118. పెద్ద రిమ్ము చూడటానికి బాగుంటుంది గానీ, రాయి తగిలినప్పుడు మధ్యలో మెత్తదనం తక్కువ. రిమ్ము వంగడం, గోడ చీలడం అక్కడే మొదలవుతుంది. ఒకే మోడల్‌లో చిన్న రిమ్ము వేరియంట్ ఉంటే పల్లెకి అదే తీసుకోండి. స్టెప్నీ కూడా తెరిచి చూడండి. మిగతా నాలుగింటి సైజే ఉందా, సన్నటిదా?

ఫోర్ బై ఫోర్ బ్యాడ్జి చూసి ఆగకండి

థార్ అన్నంత మాత్రాన నాలుగు చక్రాలూ తిరగవు. 2023 జనవరి నుంచి వెనక చక్రాలే తిరిగే థార్ కూడా అమ్ముతున్నారు. ఫార్చూనర్‌లోనూ రెండు రకాలున్నాయి. కాబట్టి పేరు కాదు, వేరియంట్ అడగండి.

ఆల్ వీల్ డ్రైవ్ అన్నది వేరే సంగతి. ఎక్స్‌యూవీ700 కొన్ని వేరియంట్లలో ఉన్నది అదే. జారే రోడ్డు మీద, తడి ఘాట్‌లో నాలుగు చక్రాలకీ బలం పంచి బండి పట్టు తప్పకుండా చూస్తుంది. దానికి లో రేంజ్ ఉండదు. లో రేంజ్ అంటే ఇంకో గేరు పెట్టె. థార్, జిమ్నీ, స్కార్పియో-ఎన్, వి-క్రాస్‌ల ఫోర్ బై ఫోర్ వేరియంట్లలో ఉంటుంది. చక్రాల దగ్గర బలం రెండింతలో, ఇంకా కాస్త ఎక్కువో అవుతుంది, వేగం అంతకు తగ్గట్టు పడిపోతుంది. రాళ్ల దారిలో క్లచ్ కాలకుండా నడిచే వేగంతో ఎక్కాలన్నా, నిటారు దిగుడులో బ్రేకు తొక్కకుండా దిగాలన్నా అది ఉండాలి. మీ కాగితం మీద అలాంటి చోటు ఉంటేనే దానికి డబ్బు పెట్టండి. కొన్నాక ఒక జాగ్రత్త: వి-క్రాస్, థార్, జిమ్నీ లాంటి వాటిలో పొడి తారు రోడ్డు మీద 4హెచ్, అంటే నాలుగు చక్రాలూ తిప్పే గేరు, వేసి తిరగకండి. ముందు, వెనక చక్రాలు మలుపుల్లో వేరువేరు దూరం తిరగాలి. తారు జారనివ్వదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

టెస్ట్ డ్రైవ్‌కి షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డు చాలదు. ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించుకుని గుంతల రోడ్డుకి తీసుకెళ్లండి. నేను కొనేటప్పుడు ఒక్కణ్నే నడిపి చూశాను, అది నా పొరపాటు. వెనక సీటులో పెద్దావిడని కూర్చోబెట్టి, దిగాక నడుం ఎలా ఉందని అడగండి.

ఇప్పటికే రోడ్డు బండి ఉంటే

నాలాగే మీ దగ్గరా ముందు చక్రాల ఎస్‌యూవీ ఉంటే అమ్మేయనక్కర్లేదు. నేను అమ్మలేదు. అరిగిన టైర్లు మార్చేటప్పుడు అదే సైజులో, తారుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ రకం వేయించాను. కాస్త చప్పుడు పెరిగింది, మైలేజీ కొంచెం తగ్గింది, కంకరలో పట్టు బాగా వచ్చింది. చాంబర్ కింద ఇనుప పలక వేయించాను. స్ప్రింగులు మార్చి ఎత్తు పెంచమని ఒకరు సలహా ఇచ్చారు, ఒప్పుకోలేదు. మలుపులో తూకం తప్పుతుంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కూడా చిక్కే.

ఇసుకలో వెళ్లాలంటే గాలి 18, 20 పీఎస్ఐ దాకా తగ్గించండి, టైరు పాదంలా పరుచుకుంటుంది. డిక్కీలో చిన్న కంప్రెసర్ ఉండాలి, తారు ఎక్కగానే మళ్లీ నింపాలి. బురదలో చక్రం తిరుగుతున్నా బండి కదలకపోతే యాక్సిలరేటర్ వదిలేయండి, ఇంకా తొక్కితే గొయ్యి తవ్వుకున్నట్టే. చక్రం ఊరికే తిరక్కుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ ఇంజిన్ బలాన్ని నొక్కేస్తుంటే ఆ బటన్ ఆఫ్ చేసి ఒకసారి నెమ్మదిగా ప్రయత్నించండి. గాడుల్లో చక్రాలు దించకుండా ఒక చక్రం మధ్య గట్టు మీద, ఇంకోటి అంచు మీద పెట్టి నడపండి, పొట్ట ఆనదు. లాగే కొక్కెం మీ టూల్ కిట్‌లోనే ఉంటుంది, బంపర్‌లో చిన్న మూత తీసి అక్కడ స్క్రూలా తిప్పి బిగించాలి. ఈ రోజే తీసి ఎక్కడ బిగించాలో చూసుకోండి. నాకు ఆ రోజు అది తెలిసుంటే లోయర్ ఆర్మ్ వంగేది కాదు.

తడి నల్లరేగడి సంగతి మాత్రం వేరు. అది టైరు గాడుల్లో నిండి నున్నగా చేస్తుంది, చక్రానికీ లోపలి కవర్‌కీ మధ్య దూరి చక్రాన్నే పట్టేస్తుంది. ఫోర్ బై ఫోర్ బళ్లు కూడా అందులో ఆగిపోవడం నేను చూశాను. వాన పడ్డాక రెండు రోజులు ఎండ కాసేదాకా నేను డొంకలోకి బండి దించను.

బావమరిది కాగితం నింపి ఫోటో పంపాడు. ఏడాదిలో 340 రోజులు హైదరాబాద్ రోడ్లు, పదిసార్లు హైవే మీద ఊరు, డొంకలోకి నాలుగైదు సార్లు, అదీ సంక్రాంతికి, వేసవిలో. వాడు అనుకున్న బండే తీసుకోమన్నాను. చిన్న రిమ్ము వేరియంట్ చూడమన్నాను. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యమన్నాను. డొంక ఆరి ఉంటే చేను దాకా వస్తాడు. లేకపోతే తారు రోడ్డు పక్కన వేపచెట్టు కింద బండి ఆపితే, ట్రాక్టర్ తీసుకుని నేనే ఎదురెళ్తాను.