నిమజ్జనం అయిపోయింది, ఇక తుఫాను కమిటీ కూర్చోవాలి

చవితి చందాలు వసూలు చేసి, పందిరి వేయించి, జనరేటర్ అద్దెకు తెచ్చి, చివర్న లెక్కలు చదివి వినిపించిన కుర్రాళ్ళే మీ ఊళ్ళో విపత్తు కమిటీ కూడా. పంచాయతీ రిజిస్టర్లో ఎవరి పేర్లున్నా సరే, నీళ్ళొచ్చిన రాత్రి పరుగెత్తేది వీళ్ళే. అందుకని ఆ వాట్సాప్ గ్రూప్‌ని అలాగే ఉంచండి. డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళని, పడవల మీద అనుభవమున్న ఒకరిద్దరు పెద్దవాళ్ళని, ఆశా కార్యకర్తని అందులో చేర్చండి. మగపిల్లలు మాత్రమే ఉన్న కమిటీ చేతికి నిండు గర్భిణి ఎవరో, మంచం దిగలేని అత్తగారు ఏ ఇంట్లో ఉందో తెలిపే జాబితా రాదు.

మన ఆంధ్ర తీరానికి అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19, కోనసీమ తుఫాను 1996 నవంబరు 6, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11, మిచౌంగ్ 2023 డిసెంబరు 5, మొన్నటి మొంథా 2025 అక్టోబరు 28. కాబట్టి కింద రాసిన పనులన్నీ సెప్టెంబరు ఆఖరుకల్లా అయిపోవాలి. హెచ్చరిక వచ్చాక చేతిలో ఉండేది రెండు మూడు రోజులు, అందులో ఒక రోజు "ఒరిస్సా వైపు పోతుందిలే" అనుకోవడంలోనే పోతుంది.

మొదటి పని జాబితా. ఇల్లిల్లూ తిరిగి నోటుపుస్తకంలో రాసుకోండి, ఫోన్లో ఒక్కటే ఉంటే ఛార్జింగ్ అయిపోయిన రోజున దొరకదు. ఒక్కో కమిటీ మనిషికి పది పన్నెండు ఇళ్ళు, వాటి బాధ్యత పూర్తిగా వాళ్ళదే. ఎనిమిది తొమ్మిది నెలల గర్భిణులు, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు, ఇన్సులిన్ వాడేవాళ్ళు, పిల్లలు హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో ఉండి ఒంటరిగా మిగిలిన ముసలివాళ్ళు, వీళ్ళ పేర్ల పక్కన ఏ బండిలో, ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారో ముందే రాసి ఉండాలి. గర్భిణుల్ని చివరి గంటలో కదిలించకండి, రెండు రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి పంపించేయాలి.

ఈ జాబితాలోకి రాని మనుషులు కొందరుంటారు, నా ఉద్దేశంలో వీళ్ళ దగ్గరే చాలా కమిటీలు దెబ్బతింటాయి. రొయ్యల చెరువు గట్ల మీద రేకుల షెడ్లలో కాపలా ఉండేవాళ్ళు, సరుగుడు నరకడానికి వచ్చిన కూలీలు, బాతుల గుంపుతో ఊరి బయట మకాం వేసినవాళ్ళు, పాయల్లో పీతలు పట్టుకుంటూ మడ అడవి అంచున గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాలు. వీళ్ళలో చాలామందికి మీ ఊళ్ళో రేషన్ కార్డు ఉండదు, దండోరా వాళ్ళ దాకా వినపడదు, సముద్రానికి అందరికంటే దగ్గరుండేది మాత్రం వాళ్ళే. చెరువు యజమానుల నంబర్లు తీసుకుని "హెచ్చరిక రాగానే మీ మనుషుల్ని లోపలికి పంపే పూచీ మీది" అని ఇప్పుడే మొహమాటం లేకుండా చెప్పండి. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల కోసం, సరుకు కోసం ఆఖరి నిమిషం దాకా మనిషిని గట్టు మీదే ఉంచడం మామూలైపోయింది.

కదలననే వాళ్ళ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. "మేకల్ని వదిలేసి నేనెక్కడికీ రానురా అబ్బాయ్" అనే ముసలమ్మకి ఉప్పెన ఎత్తు గురించి చెప్పి లాభం లేదు. మేకల్ని ఎక్కించడానికి మెరక చోటు ఒకటి చూపించండి, ఆవిడ మేకలకంటే ముందే నడుస్తుంది. కదిలించలేని గొడ్లకి పలుపులు విప్పేయాలి, కట్టుగొయ్యకి ఉన్నది ఈదలేదు. బంగారం, పట్టా కాగితాలు, పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించుకోమనండి. చాలామంది ఇల్లు వదలకపోవడానికి కారణం భయం లేకపోవడం కాదు, దొంగల భయం. పునరావాస కేంద్రానికి వచ్చినవాళ్ళ వీధుల్లో గాలి పెరిగేవరకు కమిటీ వాళ్ళు తిరుగుతారని మాటివ్వండి.

ఇక హెచ్చరికల సంగతి. తుఫాను తీరం దాటడానికి సుమారు 72 గంటల ముందు వాతావరణ శాఖ మొదటి సూచన ఇస్తుంది, 48 గంటల ముందు పసుపు రంగు అలర్ట్, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక, ఆ తర్వాత 12 గంటల ముందు ఎరుపు. మీ లెక్క పసుపు దగ్గర మొదలవ్వాలి, నారింజకి జనం కదలాలి, ఎరుపు వచ్చేసరికి మీరు కూడా లోపలుండాలి. ఓడరేవుల్లో ఎగరేసే ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు ప్రమాద సూచికలు ఓడల కోసం పెట్టినవి. "ఇంకా మూడో నంబరే కదా" అని ఊళ్ళో కూర్చోవడానికి వాటిని లెక్కలోకి తీసుకోకూడదు.

"మనకి ఎనభై కిలోమీటర్ల అవతల దాటుతుందంట" అన్న మాట విని ఊపిరి పీల్చుకునే ముందు ఒక్కటి అడగాలి: మనకి ఉత్తరానా, దక్షిణానా? మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అందువల్ల తీరం దాటే చోటుకి ఉత్తరాన ఉన్న ఊళ్ళ మీదికి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది, దక్షిణాన ఉన్న ఊళ్ళలో గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. 1977లో తుఫాను తీరం దాటింది చీరాల వైపు, ఉప్పెన మింగింది దానికి ఉత్తరాన ఉన్న దివిసీమని. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. కాబట్టి మనకి దక్షిణాన దాటుతుందంటే టెన్షన్ పడాల్సిందే, అందులోనూ అమావాస్య పౌర్ణముల పోటు సమయం కలిసొస్తే మరీ. గ్రూప్‌లో సమాచారం పెట్టే పని ఒక్కరికే అప్పగించండి, వాతావరణ శాఖ, విపత్తుల సంస్థ ఇచ్చినవి తప్ప ఏ వీడియో అయినా అక్కడే ఆగిపోవాలి.

తుఫాను షెల్టర్ తాళం ఎవరి దగ్గరుంది? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు కోసం కొన్ని ఊళ్ళలో సగం రోజు పడుతుంది. రెండు తాళాలు చేయించి ఇద్దరి దగ్గర పెట్టండి. లోపల నిల్వ చేసిన ఎరువుల బస్తాలు, వరి విత్తనాలు ఖాళీ చేయించండి. జనరేటర్‌ని గంటసేపు నడిపి చూడండి, అదీ బయట గాలి తగిలే చోట, ఎందుకంటే మూసిన గదిలో దాని పొగ నిద్రలోనే మనుషుల్ని చంపేస్తుంది. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి గడియ, లైటు, నీళ్ళు ఉన్నాయో లేదో కమిటీలో ఉన్న ఆడవాళ్ళే వెళ్ళి చూడాలి. అది బాగాలేకపోతే చీకటి పడ్డాక వాళ్ళు ఇంటికి తిరిగెళ్ళిపోతారు, మీరు ఎంత బతిమాలి తెచ్చినా సరే.

మురుగు కాలువల మీద ఒక ఆదివారం పెట్టండి. గుర్రపుడెక్క, తూటికాడ తీయకపోతే తుఫాను పోయాక కూడా వాన నీళ్ళు వారాల తరబడి చేలల్లోనే నిలుస్తాయి. సముద్రం వైపు స్లూయిస్ తలుపులు పోటుకి మూసుకుని పాటుకి, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, తెరుచుకోవాలి, తుప్పు పట్టి ఇరుక్కుపోయినవి ఉప్పునీటిని లోపలికి వదిలేస్తాయి. తలుపుల్ని మీరు ముట్టుకోకండి, కాలువలు చూసుకునే లస్కర్‌ని వెంటబెట్టుకుని చూపించి ఫొటోలు తీసుకోండి. కరకట్ట మీద నడిచి ఎలక బొరియలు, ట్రాక్టర్ దిగడానికి తవ్విన చోట్లు, చెరువుల పైపుల కోసం కట్టని కోసిన చోట్లు రాసుకోండి. పైపు వేసింది మీ మేనమామే అయుండొచ్చు, అయినా రాయాలి. అర్జీ ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి.

మడ అడవి ఉన్న ఊళ్ళకి ఇంకాస్త పని. 1999 ఒడిశా పెను తుఫాను మీద తర్వాత జరిగిన అధ్యయనంలో, కేంద్రపడా జిల్లాలో ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పు ఎక్కువున్న చోట మరణాలు తక్కువని తేలింది. అలాగని "మనకి మడ ఉందిలే" అని ఇంట్లో కూర్చోవడానికి అది పనికిరాదు. మడ అల జోరు తగ్గిస్తుంది గానీ నీటిని ఆపేయదు. ఎండిపోయిన మడ నేలల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీళ్ళు పారించే పద్ధతి మన గోదావరి, కృష్ణా మడ అడవుల్లో వాడినదే. మీ దగ్గర అవి ఉంటే ఈ సీజన్లో మొక్కల కంటే ముందు వాటి పూడిక చూడండి. ఫొటో కోసం పోటు నీరు చేరని గట్టి నేలలో మొక్కలు గుచ్చి వచ్చే కార్యక్రమాలు చాలా చూశాం, ఆ మొక్కలు సంక్రాంతి చూడవు.

అడవిలోకి వెళ్ళేటప్పుడు అటవీ శాఖ వాళ్ళకి చెప్పి, పాటు మొదలవగానే వెళ్ళి పోటు రాకముందే బయటపడాలి. బురదలో ఒంటరిగా దిగకూడదు. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. తెలియని కుర్రాళ్ళకి ముందు ఆ చెట్టుని చూపించాకే కత్తి చేతికివ్వండి. ఒడ్డున ఇసుక దిబ్బల్ని, వాటి మీద పాకే ఊదాపూల తీగని ట్రాక్టర్లతో చదును చేస్తుంటే అడ్డుపడండి. ఆ దిబ్బ పోయాక సరుగుడు తోట ఒక్కటే సముద్రాన్ని ఆపలేదు, పైగా పెద్ద గాలికి ఆ చెట్లు రోడ్డుకి అడ్డంగా పడేది ఖాయం. రంపాలు, గొడ్డళ్ళు, తాళ్ళు రోడ్డుకి రెండు చివర్లా ఉంచండి.

వేటకి వెళ్ళిన పడవల పుస్తకం ఒకటి రేవులో ఉండాలి: పడవ నంబరు, ఎంతమంది, ఎన్నాళ్ళకి తిరిగొస్తారు, ఒడ్డున ఎవరికి ఫోన్ చేయాలి. 1996లో పోయినవాళ్ళలో చాలామంది సముద్రం మీద వేటలో ఉన్నవాళ్ళే. ఇప్పుడు పడవ ఎక్కడుందో ఒడ్డుకి తెలిపే ట్రాన్స్‌పాండర్లు, వైర్‌లెస్ సెట్లు వచ్చాయి గానీ బయల్దేరే ముందు అవి పనిచేస్తున్నాయో లేదో చూసేది మనిషే. సముద్రంలో ఆపదకి కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఒడ్డున ఉన్నవాళ్ళకి విపత్తుల సంస్థ 1070, అత్యవసర నంబరు 112. ఈ మూడూ పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి.

కమిటీ కుర్రాళ్ళూ, ఇది మీకు. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఆకాశం తేటపడితే అది తుఫాను కన్ను. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి గాలి అంతే జోరుగా వస్తుంది, ఆ ప్రశాంతత చూసి ఎవర్నో తీసుకొద్దామని బయటికెళ్ళకండి. ఈత రానివాడు, లైఫ్ జాకెట్ లేనివాడు నీళ్ళలోకి దిగడు, వీరత్వం ఉన్నా సరే. తెగిపడిన వైర్ల దగ్గరికి లైన్‌మన్ వచ్చేదాకా ఎవరూ పోవద్దు, సబ్‌స్టేషన్ ఆపినా ఎవరింటి జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి రావచ్చు. మోకాలి లోతు నీళ్ళలో కర్రతో తడుముతూ నడవండి, ఎండు చోటు కోసం పాములు కూడా ఇళ్ళలోకే ఎక్కుతాయి.

ఇంకో పని, ఖర్చులేనిది. సీజన్‌కి ముందే ప్రతి ఇల్లు, పడవ, వల, ఇంజను, చెరువు, కొబ్బరి తోట ఫొటోలు తీసి తేదీతో సహా ఊళ్ళో లేని ఒకరి ఫోన్‌కి పంపించి పెట్టండి. పడవ నంబరు, యజమాని మొహం ఒకే ఫొటోలో పడాలి. నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చేసరికి పడవ సముద్రంలోకో పక్క ఊరి పొలంలోకో కొట్టుకుపోయి ఉంటుంది, అప్పుడు "ఇక్కడొక పడవ ఉండేదండీ" అంటే ఎవరూ రాసుకోరు.