పనస జిగురు వదలాలంటే ముందు నూనె, తర్వాతే సబ్బు
పనసకాయ కోశాక చేతులకి జిగురు అంటుకుంటే వెంటనే కుళాయి దగ్గరికి పరిగెత్తకండి. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, జిగురులో ఉండే రబ్బరు లాంటి పొడవాటి గొలుసుల్ని మధ్యలోకి రానివ్వవు, అందుకే ఎంత కడిగినా వేళ్ల మధ్య తీగలు సాగుతూనే ఉంటుంది. నూనె అణువులూ ఆ గొలుసులూ ఒకే జాతివి, ఇట్టే కలిసిపోతాయి. పొడి చేతుల మీదే రెండు చెంచాల కొబ్బరినూనె వేసుకుని రుద్దండి, జిగురు మెత్తబడి ఊడొస్తుంది. ఆ తర్వాత సబ్బు. సబ్బు అణువు ఒక కొసతో నూనెని, ఇంకో కొసతో నీటిని పట్టుకుంటుంది కాబట్టి జిడ్డు కూడా పోతుంది. మా ఇంట్లో అయితే కోసేముందే చేతులకీ కత్తిపీటకీ నూనె రాసేస్తాం, అసలు అంటుకోనే అంటుకోదు.