బీచ్ రోడ్డు రేసుల మీద ఫిర్యాదు ఎలా రాయాలి, కఠిన శిక్ష కావాలని ఎలా అడగాలి

రాత్రి పది దాటాక ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు బైకులు ఎలా పోతాయో వైజాగ్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పిల్లాడి చెయ్యి పట్టుకుని, ఇంకో చేతిలో ముంత మసాలా పొట్లంతో రోడ్డు దాటే మనిషికి అటు నుంచి హెడ్‌లైట్ కనపడేసరికే బండి మీదకి వచ్చేసి ఉంటుంది. 60లో వెళ్లే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, 120లో వెళ్లేది 33 మీటర్లు. "వీళ్లని జైల్లో వెయ్యాలి" అని అందరం అంటాం, కానీ అర్జీలో ఆ ఒక్క ముక్కే రాస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది.

ముందు ఇప్పుడున్న చట్టం తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం అతివేగానికి కారుకైతే 1,000 నుంచి 2,000 రూపాయల జరిమానా, లారీలకీ బస్సులకీ 2,000 నుంచి 4,000. ఇక్కడే ఉంది అసలు లోపం: 70 పరిమితి ఉన్న చోట 75లో వెళ్లినా 140లో వెళ్లినా అదే సెక్షన్, అదే చలానా. పొరపాటున కాస్త ఎక్కువ తొక్కినవాడినీ, తెలిసి తెలిసి జనం ప్రాణాలతో ఆడుకునేవాడినీ చట్టం ఒకే గాటన కడుతోంది.

అలాగని చేతిలో ఏమీ లేదనుకోకండి. 184 ప్రమాదకరమైన డ్రైవింగ్‌కి. మొదటిసారే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 జరిమానా, లేదా రెండూ. 189 ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద రేసులు పెట్టడానికి. మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మైనర్ చేతికి బండి ఇచ్చి అతను నేరం చేస్తే 199ఏ కింద తల్లిదండ్రులకో బండి ఓనర్‌కో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, పైగా ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఈ నంబర్లు మీ ఫిర్యాదులో ఉండాలి, ఎందుకంటే "స్పీడుగా వెళ్తున్నారు" అని రాస్తే చలానాతో సరిపెట్టడం చాలా సులువు.

బండ్లు తిరుగుతున్న సమయంలోనే 112కి ఫోన్ చెయ్యండి, తర్వాత రాతపూర్వకంగా ఇవ్వండి. ఇలా రాస్తే చాలు: "శనివారం రాత్రి 11.40కి తెన్నేటి పార్కు దగ్గర, సాగర్ నగర్ వైపు మూడు బైకులు పక్కపక్కనే పోటీగా వెళ్లాయి, ఒకదాని నంబరు ఇది, మిగతావాటికి నంబర్ ప్లేట్లు లేవు, అదే గుంపు మళ్లీ 11.55కి వెనక్కి వచ్చింది." వేగం ఎంతో అంచనా కట్టి రాయొద్దు, అది కెమెరా చెప్పాలి. వాళ్ల వెంట పడొద్దు, బండి మీద వెళ్తూ వీడియో తియ్యొద్దు, బాల్కనీ నుంచో ఫుట్‌పాత్ మీద నిలబడో తీసింది చాలు. ట్రాఫిక్ పోలీసులకి ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ కదలిక లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రసీదు కాపీతో మళ్లీ ఇవ్వండి.

ఇక చట్టం మార్చమని అడిగే అర్జీ. "విపరీతమైన వేగం" అంటే ఎంతో అంకెల్లో చెప్పకపోతే ఆ అర్జీకి బలం ఉండదు. స్విట్జర్లాండ్ 2013లో ఆ పనే చేసింది, 50 పరిమితి ఉన్న చోట 100 తాకితే అది క్రిమినల్ నేరం, నాలుగేళ్ల దాకా జైలు. డెన్మార్క్‌లో 2021 నుంచి 100 దాటి, పరిమితికి రెట్టింపు కన్నా ఎక్కువలో దొరికితే బండినే ప్రభుత్వం తీసేసుకోవచ్చు. నన్నడిగితే మన దగ్గర జైలు కన్నా ఈ రెండోదే ఎక్కువ పనిచేస్తుంది. లక్షలు పోసి కొనిచ్చిన బండి మళ్లీ రాదని తెలిస్తే ఇంట్లోవాళ్లే తాళం దాచేస్తారు. అందుకని మీ అర్జీలో పరిమితికి ఎంత పైన అయితే విడిగా నేరం అవ్వాలో, లైసెన్స్ ఎన్నాళ్లు ఆపాలో, బండి ఏమవ్వాలో మూడూ రాయండి. కెమెరాల గురించి కూడా తప్పకుండా రాయండి, రుజువు లేని సెక్షన్ కోర్టులో నిలబడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో వచ్చిన 167ఏ రూల్ పది లక్షల జనాభా దాటిన నగరాల్లో ముఖ్యమైన కూడళ్లలో ఎలక్ట్రానిక్ నిఘా పెట్టాలని చెబుతోంది, దాన్ని చూపించి బీచ్ రోడ్డుకీ హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ వైపు హైవేకీ అడగండి.

మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో అంశం కాబట్టి ఎంపీకీ ఎమ్మెల్యేకీ ఇద్దరికీ పంపొచ్చు, రాష్ట్ర రవాణా మంత్రికి ఒక కాపీ పెట్టండి.

పంపే ముందు ఒక ఆర్టీఐ వెయ్యండి, పది రూపాయల ఫీజు. గత మూడేళ్లలో నగరంలో 183 కింద ఎన్ని, 184 కింద ఎన్ని, 189 కింద ఎన్ని కేసులు పెట్టారు, ఎన్ని లైసెన్సులు సస్పెండ్ చేశారు, ఏడాది వారీగా ఇవ్వమని అడగండి. ఆ జవాబు అర్జీకి జత చెయ్యండి. 30 రోజుల్లో రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు.