కెమెరా ముందు నటన – 5వ పాఠం: ముందు చూపు, తర్వాతే మాట

కిందటి పాఠంలో గొంతు సాధన చేశాం. ఈసారి డైలాగ్‌కు ముందు వచ్చే ఒకటి రెండు క్షణాల సంగతి చూద్దాం. చాలామంది కొత్త నటులు తడబడేది ఇక్కడే. ఎదుటివాళ్లను చూడకుండానే మాట అందుకుంటారు.

ఈ పాఠానికి మనకు గురువు ఇంగ్లండ్ నటి జెన్నీ ఆగటర్. 1952లో టాంటన్‌లో పుట్టారు. బాలే స్కూల్లో చదువుకుంటూ, పదేళ్లు దాటీ దాటగానే సినిమాల్లోకి వచ్చారు. 1968లో బీబీసీ సీరియల్ 'ది రైల్వే చిల్డ్రన్'లో పెద్దమ్మాయి రాబర్టాగా చేశారు. 1970లో అదే కథ సినిమాగా వస్తే మళ్లీ అదే పాత్ర. అప్పటికి ఆమెకు 17 ఏళ్లు. చెల్లెలిగా వేసిన శాలీ థామ్సెట్‌కు 20! అయినా తెర మీద ఎవరు అక్కో, ఎవరు చెల్లెలో మనకు అనుమానమే రాదు. వయసు నడకలో, చూపులో కనిపించాలి గానీ బర్త్ సర్టిఫికెట్‌తో పనేముంది?

ఆ సినిమాలో స్టేషన్ సీన్ దొరికితే, ముందు సౌండ్ తీసేసి చూడండి. చేయని నేరానికి రాబర్టా తండ్రి జైల్లో ఉన్నాడు. ఆ రోజు స్టేషన్‌కు ఎందుకు వచ్చిందో ఆ అమ్మాయికే సరిగ్గా తెలియదు. రైలు వెళ్లిపోతుంది, ప్లాట్‌ఫారమ్ నిండా ఆవిరి. అది పలచబడుతుంటే ఓ మనిషి ఆకారం తేలుతుంది. అప్పుడు "డాడీ! మై డాడీ!" అంటూ పరుగు. గుండె పిండేసేది ఆ కేక అనుకుంటాం. నా లెక్కలో దానికి ముందు ఏమీ తెలియకుండా ఎదురుచూస్తున్న ఆ ముఖమే అసలు నటన. జరగబోయేది నటికి తెలుసు, పాత్రకు తెలియదు. ఆ తెలియనితనాన్ని నిలబెట్టడమే కష్టం.

2012లో మొదలైన బీబీసీ సీరియల్ 'కాల్ ది మిడ్‌వైఫ్' పురుళ్లు పోసే నర్సులు, నన్‌ల కథ. అందులో ఆమె సిస్టర్ జూలియెన్ అనే నన్. నన్ వేషంలో జుట్టు, మెడ అన్నీ కప్పేసి ఉంటాయి. మిగిలేది ముఖం, చేతులు. తల్లుల గోడు వినేటప్పుడు ఆమె కళ్లు గమనించండి. చిన్నప్పటి విద్యే ఇంకా చిక్కబడింది.

ముద్దుతనాన్ని పట్టుకుని వేలాడలేదు కాబట్టే ఇంత దూరం వచ్చారని నా నమ్మకం. 2000లో అదే రైల్వే కథ టీవీకి తీస్తే తల్లిగా చేశారు. ఆ కథకు కొనసాగింపుగా వచ్చిన 2022 సినిమాలో రాబర్టాగానే, అమ్మమ్మ వయసులో తిరిగొచ్చారు.

ఈ వారం సాధన: ఫోన్ కెమెరాను మీ ముఖానికి దగ్గరగా పెట్టండి. ఇంట్లో ఒకరిని, ఎప్పుడు వస్తారో చెప్పకుండా తలుపు తీసుకుని రమ్మనండి. మీ డైలాగ్ ఒక్కటే: "వచ్చావా?" మనిషిని పూర్తిగా చూసి, ఊపిరి లోపలికి వెళ్లాకే అనండి. తర్వాత సౌండ్ లేకుండా వీడియో చూసుకోండి. తలుపు తెరుచుకోకముందే ముఖంలో సంతోషం కనిపిస్తే మళ్లీ చేయండి.

వచ్చే పాఠంలో చేతుల పని.