బరువైన గుండు, దట్టించిన మందు: దూరపు గురికి తూటా ఎలా నింపుకోవాలి?

తుపాకిలో మందు దట్టించడం అనే మాట మనకు పాతదే. ఆ రోజుల్లో కడ్డీతో బలం కొద్దీ కూరేవారు. ఇప్పటి రైఫిల్ తూటాలోనూ మందును కొంత దట్టించక తప్పని సందర్భం ఒకటుంది. దూరపు గురికి బరువైన గుండు వాడినప్పుడు అది ఎదురవుతుంది. అయితే ఇక్కడ బలం చూపిస్తే పని చెడుతుంది. మందు ముందే సర్దుకోవాలి, గుండు చివర్లో కొద్దిగా అదమాలి. కొత్తవారు చేసే తప్పు గుండునే రోకలిగా వాడటం.

అసలీ ఇరుకు ఎందుకు వస్తుందో చూద్దాం. బ్యారెల్ వ్యాసం మారదు కాబట్టి గుండు బరువు పెరగాలంటే పొడవు పెరగాలి. తూటా మొత్తం పొడవుకేమో మ్యాగజైన్ హద్దు పెడుతుంది. .308 వించెస్టర్ అనే రకం తూటాలో ఆ హద్దు 71.1 మిల్లీమీటర్లు. ముందుకు జరిగే దారి లేక, పొడవైన గుండు అడుగుభాగం కేసులోకి, అంటే మందు నింపే లోహపు గొట్టంలోకి, దిగి మందు చోటును ఆక్రమిస్తుంది. మరోవైపు బరువైన గుండుకు నిదానంగా మండే మందు కావాలి, అది ఎక్కువ పరిమాణంలో పడుతుంది. గుండు అడుగు నిలవాల్సిన చోటుకంటే మందు మట్టం పైన ఉంటే దాన్నే కంప్రెస్డ్ చార్జ్ అంటారు.

ఇందులో లాభమూ ఉంది. కేసులో ఖాళీ ఉంటే తుపాకి వంపును బట్టి మందు ఒకసారి కేసు అడుగున నిప్పంటించే ప్రైమర్ వైపు, ఒకసారి గుండు వైపు జారుతుంది. నిండుగా ఉంటే ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది, అంటుకోవడమూ ఒకే తీరుగా జరిగే అవకాశం ఎక్కువ. వెయ్యి గజాల దూరంలో ఈ నిలకడకు విలువ చాలా ఎక్కువ. .308లో గుండు వేగం సెకనుకు 10 మీటర్లు అటూ ఇటూ అయితే, అంత దూరాన ఎత్తులో జానెడుకు పైగా తేడా వస్తుంది.

మొదలుపెట్టే ముందు

తూటాలు సొంతంగా నింపుకోవడానికి చాలా దేశాల్లో లైసెన్సు నిబంధనలున్నాయి. మీ చోట అనుమతి ఉందో లేదో తెలుసుకోకుండా తూటాలు నింపే ప్రెస్ కొనకండి. బల్లమీద ఒక్క మందు డబ్బానే ఉండాలి. నిప్పు, సిగరెట్, ఫోను కబుర్లు దరిచేరకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.

రెండో విషయం మందు తూకం. ఈ వ్యాసంలో ఎక్కడా తూకం చెప్పను, కావాలనే. మందు తయారీదారులు, గుండు తయారీదారులు ప్రచురించే లోడింగ్ మాన్యువల్‌లో మీ గుండుకు, మీ మందుకు ఇచ్చిన అంకెలే ప్రమాణం. దట్టించాల్సి వచ్చే తూకాల పక్కన అందులో సాధారణంగా ఒక గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేని తూకాన్ని మీ అంతట మీరు దట్టించకండి. పిస్తోలు కోసం చేసిన త్వరగా మండే మందుతో ఈ ప్రయోగం ప్రాణాంతకం. గుండు బరువు ఒకటే కదా అని వేరే కంపెనీ గుండుకు ఇచ్చిన అంకె తీసుకోవడమూ తప్పే. బ్యారెల్‌ను ఒరుసుకునే భాగం పొడవు మారితే పీడనం మారుతుంది.

బ్యారెల్ మెలిక, అంటే గుండును తిప్పే లోపలి గాళ్ల వంపు, సరిపోతుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి. పొడవైన గుండు నిలకడగా తిరగాలంటే బిగువైన మెలిక కావాలి. .223 అనే చిన్న తూటాకు చేసిన, 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత బ్యారెల్ 55 గ్రెయిన్ల గుండుకు చాలు (గ్రెయిన్ అంటే గుండ్లు, మందు తూచే చిన్న కొలత). 77 గ్రెయిన్ల గుండుకు 8 అంగుళాల మెలిక ఉండాలి. లేకుంటే గుండు గాలిలో పల్టీలు కొట్టి కాగితాన్ని అడ్డంగా చీలుస్తుంది.

కేసు సిద్ధం చేయడం

శుభ్రం చేయడం, సైజింగ్ డై అనే అచ్చులో నొక్కడం, పొడవు కత్తిరించడం, ప్రైమర్ బిగించడం మామూలు తూటాకు చేసినట్టే. ఒక్క తేడా ఉంది. ఇక్కడ కేసు లోపలి చోటు ముఖ్యం. సైనిక కేసుల గోడలు తరచుగా మందంగా ఉంటాయి, అదే మందు వాటిలో మరింత ఇరుకవుతుంది, పీడనం పెరుగుతుంది. ఒకే తయారీ, ఒకే బ్యాచ్ కేసులు వాడండి. అనుమానం ఉంటే పేల్చిన కేసును, పాత ప్రైమర్ తీయకుండా, ఖాళీగా ఒకసారి, అంచుదాకా నీళ్లు పోసి ఒకసారి తూచండి. ఆ తేడాయే లోపలి చోటు.

ఎంత దట్టిస్తున్నారో కొలవండి

చాలామంది ఈ లెక్క వదిలేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ఇదే ముఖ్యం. గుండు పొడవుకు కేసు పొడవు కలిపి, తూటా మొత్తం పొడవును తీసేస్తే, గుండు అడుగు కేసు అంచునుంచి ఎంత లోతుకు దిగుతుందో తెలుస్తుంది. 31.5 మిల్లీమీటర్ల గుండు, 51 మిల్లీమీటర్ల కేసు, 71.1 మిల్లీమీటర్ల తూటా అనుకుంటే లోతు 11.4 మిల్లీమీటర్లు.

ఇప్పుడు మందు పోసి, కాలిపర్ వెనుక కడ్డీతో మందు మట్టం లోతు చూడండి. 10 మిల్లీమీటర్లు ఉంటే మీరు అదమబోయేది 1.4 మిల్లీమీటర్లు. గుండు తోక సన్నబడే రకమైతే నిజంగా పడే ఒత్తిడి ఇంకా తక్కువ. మాన్యువల్ అనుమతించినా సరే, ఈ అంకె రెండు మిల్లీమీటర్లు దాటితే నేను అంతకంటే తక్కువ చోటు తీసుకునే మందు వెతుక్కుంటాను. అది నా చాదస్తమే కావచ్చు.

మందు పోసే పద్ధతి

ప్రతి తూకాన్నీ త్రాసులో తూచండి. పుల్లల్లా ఉండే మందు గరాటులో ఒక్కసారిగా పోస్తే అడ్డదిడ్డంగా పడి మెడ దాకా వస్తుంది. అడుగు పొడవో, రెండడుగుల పొడవో ఉన్న సన్నని గొట్టాన్ని గరాటుకు తగిలించి, పది సెకన్లపాటు సన్నని ధారగా, గోడ వెంబడి తిరిగేలా పోయండి. గింజలు ఒకదాని పక్కన ఒకటి పడుకుంటాయి. అదే తూకం, మట్టం మాత్రం కనపడేంత దిగుతుంది. ఆపైన కేసును వేలితో మెల్లగా తట్టితే ఇంకాస్త సర్దుకుంటుంది. పూర్వం నల్లమందు తూటాలు నింపేవారు కనిపెట్టిన ఉపాయమిది, ఇంతకంటే మంచిది ఇంతవరకూ నా కంటపడలేదు.

గుండు కూర్చోబెట్టడం

ప్రెస్ పిడిని ఒకే ఊపులో దించకండి. సగం దించి ఆగండి, కొంచెం వెనక్కి తీసి మళ్లీ దించండి. మందు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. చేతికి మెత్తటి నిరోధం తగలాలి. కరకరమనే గట్టి చప్పుడు వినపడితే ఆపేయండి. మందు గింజ పైపూత మంటను నిదానింపజేయడానికే ఉంది. గింజ విరిగితే పూతలేని లోపలిభాగం బయటపడి వేగంగా మండుతుంది. పీడనం మీ లెక్క దాటుతుంది.

గుండును కిందికి నొక్కే డై లోపలి కాండం గుండు ముక్కును సరిగ్గా పట్టుకోకపోతే, ఈ ఒత్తిడికి ముక్కుమీద వలయంలా గాడి పడుతుంది. పొడవైన మొనకు తగిన కాండం వేరుగా దొరుకుతుంది. మరీ ఎక్కువగా నొక్కితే కేసు భుజం ఉబ్బి తూటా ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనుక అది కూర్చునే గూటిలోకి, దూరదు.

అన్నీ బాగున్నాయనుకుని పెట్టె మూసేయకండి. అణగిన మందు స్ప్రింగులా గుండును రాత్రికి రాత్రే పైకి నెట్టవచ్చు. మొదటిసారి నేను నింపిన వాటిలో కొన్ని మరునాటికి మ్యాగజైన్‌లో పట్టలేదు. నింపిన వెంటనే ఒకసారి, మరునాడు ఒకసారి తూటా పొడవు కొలవండి. పెరుగుతుంటే మెడ పట్టు చాలడం లేదని అర్థం. డైలో మెడను నొక్కే ఉంగరం, అంటే బుషింగ్, సన్ననిది పెట్టి మెడను బిగించుకోవాలి, లేదా మందు మార్చాలి. గాడి లేని గుండుమీద గట్టిగా క్రింప్ చేసి, అంటే కేసు అంచును లోపలికి నొక్కి, సరిపెట్టడం నాకు నచ్చదు. గుండు ఆకారం చెడుతుంది.

పేల్చి చూడటం

మాన్యువల్‌లోని గరిష్ఠానికి పది శాతం కింద, లేదా అందులో ఇచ్చిన ఆరంభ తూకంతో మొదలుపెట్టండి. అంతకంటే దిగువకూ పోకండి. నిదానంగా మండే మందు మరీ తగ్గితే పీడనం ఊహకందకుండా ఎగసే ప్రమాదం ఉంది. .308 వంటి కేసులో మెట్టుకు 0.3 గ్రెయిన్ల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టుకు మూడు నుంచి ఐదు తూటాలు పేల్చి, గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో వచ్చిన అంకె రాసుకోండి. బోల్టు ఎత్తడం బరువైనా, ప్రైమర్ చదునైనా, కేసు అడుగున మెరిసే మచ్చ పడినా అక్కడితో ఆపాలి. ఈ గుర్తులు కనపడలేదు కదా అని గరిష్ఠం దాటకూడదు, అవి తరచుగా ఆలస్యంగానే బయటపడతాయి. వేసవి ఎండలో పీడనం ఇంకా పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

మిగిలిపోయిన తూటాలను విప్పాల్సి వస్తే సుత్తిలాంటి పుల్లర్‌తో గుండు ఊడుతుంది గానీ, మందు గడ్డకట్టి లోపలే ఉండిపోవచ్చు. చెక్కపుల్లతో కదిపి రాల్చండి, ఇనుప చువ్వతో వద్దు. అలా రాలిన మందును తిరిగి డబ్బాలో కలపకండి, అందులో ఎన్ని గింజలు విరిగాయో కంటికి తెలియదు.