మనసు తేలికపడేలా డైరీ రాయడం ఎలా?

మనసు బాగోలేనప్పుడు రాసుకుంటే భారం దిగుతుందంటారు. దిగుతుంది, కానీ రాసే తీరును బట్టి. అదే బాధను అవే మాటల్లో రోజూ పేజీల కొద్దీ నింపడమంటే మానుతున్న పుండును గెలకడమే.

ఒక నోటుబుక్, పెన్ను, ఫోన్‌లో టైమర్ చాలు. ఖరీదైన పుస్తకం కొనకండి, అందులో కొట్టివేతలు పెట్టడానికి చెయ్యి రాదు. ఎవరైనా చదువుతారేమోనన్న భయముంటే నిజం రాయలేరు. అలాంటప్పుడు విడి కాగితం మీద రాసి చింపేసినా ఫర్వాలేదు.

1. టైమర్ 15 నిమిషాలకు పెట్టండి. మోగగానే ఆపేయాలి. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్నీబేకర్, శాండ్రా బీల్ అనే మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. తమను కలచివేసిన సంఘటనతోపాటు అప్పుడు ఏమనిపించిందో కూడా రాసినవాళ్లు తర్వాతి నెలల్లో హెల్త్ సెంటర్‌కు తక్కువసార్లు వెళ్లారు. రాసిన వెంటనే మాత్రం వాళ్లకు దిగులే పెరిగింది. మీకూ అలా అనిపిస్తే కంగారు పడొద్దు. అందుకే బరువైన విషయాలు పడుకునే ముందు ముట్టుకోకండి.

2. జరిగింది మూడు నాలుగు వాక్యాల్లో, కెమెరాకు కనిపించినంతే రాయండి. "మేనేజర్ నన్ను అవమానించారు" అన్నది సంఘటన కాదు, దానికి మీరిచ్చిన అర్థం. "నేను రెండో పాయింట్ చెబుతుండగా ఆపి, పక్కనున్నవాళ్లను మాట్లాడమన్నారు" అన్నది సంఘటన.

3. "బాధేసింది" దగ్గర ఆగిపోకండి. అది కోపమా, సిగ్గా, భయమా, అసూయా? ఒంట్లో ఎక్కడ తెలిసింది? పదికి ఎంత? "సిగ్గు, 7. చెవులు వేడెక్కాయి." ఇంతే చాలు.

4. అసలు పని ఇక్కడుంది, ఎక్కువమంది దారి తప్పేదీ ఇక్కడే. "నాకే ఎందుకిలా?" అని మొదలుపెడితే గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతారు. బదులుగా ఇవి అడగండి: ఆ క్షణంలో నేనేమనుకున్నాను? ఇంకో కారణం ఉండొచ్చా? ఇదే నా స్నేహితురాలికి జరిగితే ఏమంటాను? అప్పుడు ఇలా రావచ్చు: "టైం అయిపోయి ఉండొచ్చు. మొదటి పాయింటుకే నేను పది నిమిషాలు తీసుకున్నాను. అయినా అలా ఆపడం బాగాలేదు." ఆ చివరి వాక్యాన్ని కొట్టేయకండి. మీ కోపాన్ని ఒప్పించి నోరు మూయించడం ఇక్కడ పని కాదు. మరీ ఇరుక్కుపోతే "నేను" బదులు మీ పేరుతో, ఎవరి గురించో రాస్తున్నట్టు రాయండి. కాస్త ఎడం వస్తుంది.

5. రేపు చేయగలిగిన చిన్న పని ఒకటి రాయండి: "ఆ పాయింట్ రెండు లైన్లలో మెయిల్ చేస్తాను." చేయగలిగింది లేకపోతే అదే రాసి పుస్తకం మూసేయండి.

వారానికి మూడు నాలుగు రోజులు రాస్తే సరిపోతుంది. రోజూ రాయాలని పంతం పడితే ఒక్క రోజు తప్పగానే మొత్తానికే మానేస్తాం.

పనుల ఆలోచనతో నిద్ర పట్టడం లేదంటే దానికి ఇంత తతంగం అక్కర్లేదు. రేపటి పనుల జాబితా 5 నిమిషాలు వివరంగా రాయండి. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీ నిద్ర ప్రయోగశాలలో 57 మందితో చేసిన పరిశోధనలో, చేయాల్సిన పనులు రాసినవాళ్లు అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే దాదాపు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు.

ఈమధ్యే జరిగిన పెద్ద దెబ్బను వెంటనే తవ్వకండి. రాస్తుంటే వణుకు పుట్టినా, ఊపిరాడకపోయినా మధ్యలోనే ఆపి వేరే విషయానికి మారండి. రెండు వారాలుగా దిగులు వదలకపోతే డాక్టరును కలవండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం రాస్తూ కూర్చోవద్దు, అప్పటికప్పుడే ఎవరికైనా చెప్పి సాయం తీసుకోండి.

నెలకోసారి పాత పేజీలు తిరగేయండి. ఒకే ఫిర్యాదు అవే మాటల్లో మూడుసార్లు కనిపిస్తే, నాలుగోసారి రాయకుండా నేరుగా 5వ మెట్టుకు వెళ్లండి.